ఆఖరి రోజు కొసరు కాదు

ఖరగ్‌పూర్‌లో రైలు నడిపేవాళ్ల ఇళ్లలో పిల్లలకు బడి మాటల కంటే ముందు రెండు మాటలు వచ్చేవి: కాల్ బుక్కు, రన్నింగ్ రూమ్. డ్యూటీకి రెండు గంటల ముందు కాల్ బాయ్ సైకిలేసుకుని క్వార్టర్ గుమ్మంలోకి వచ్చి, పుస్తకం తెరిచి సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఇంటాయన లేచి మొహం కడుక్కునే లోపు క్యారేజీ సర్దడం అయిపోయేది. గార్డు వెంట లైన్ పెట్టె వెళ్లేది. అందులో ఎరుపు, ఆకుపచ్చ జెండాలు, చేతిదీపం, ప్రమాదమొస్తే పట్టాల మీద పెట్టే డిటొనేటర్లు. బండి అవతలి ఊరు చేరాక ఆ పెట్టె దింపుకుని డ్రైవరూ గార్డూ పోయి పడుకునే చోటే రన్నింగ్ రూమ్. మంచం, దోమతెర, వండిపెట్టే మనిషి, మళ్లీ కాల్ వచ్చేదాకా నిద్ర. ఆ నిద్రను ఈ ఊళ్లో ఎవరూ సెలవు అనలేదు, జల్సా అనలేదు. ఎనిమిది గంటలూ ఆపైనా బండి మీద ఉన్నవాడికి అవతలి ఊళ్లో ఎనిమిది గంటలు, సొంత ఊళ్లో పదహారు గంటలు విశ్రాంతి ఇవ్వాలన్నది రైల్వేలో రాసిపెట్టి ఉన్న నియమం. దూరం వెళ్లి పని చేసినవాడికి ఆ దూరంలోనే దక్కే విశ్రాంతి ఉద్యోగంలో ఒక భాగమని ఇక్కడి మథురాకాటి, నిమ్‌పురా పేటల్లో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది.

ఆ డ్రైవర్ల, ఫిట్టర్ల, గ్యాంగుమన్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని విమానం ఎక్కుతున్నారు. బెంగళూరు నుంచో, హైదరాబాదు నుంచో, కోల్‌కతా నుంచో ఎనిమిది మంది, పది మంది జట్టుగా బాలికి, కొలంబోకి, లిస్బన్‌కి, సిడ్నీకి పని మీద వెళ్తున్నారు. అయిదు రోజులు గది తలుపులు మూసుకుని పని, ఆరో రోజు రాత్రి తిరుగు విమానం. ఆ ఆరో రోజు ఎవరిది? సాధారణంగా అది ఎవరిదీ కాదు. సగం ‘ఇంకొక్క మీటింగు’కి పోతుంది, సగం ఇంటికి చాక్లెట్లు కొనడానికి పోతుంది. సముద్రం హోటల్ కిటికీలోంచి కనబడుతూనే ఉంటుంది. ఎవరైనా ధైర్యం చేసి ‘ఈ రోజు సర్ఫింగ్ నేర్చుకుందాం’ అంటే, అది బాసు మంచితనం మీద, అకౌంట్స్ విభాగం దయ మీద ఆధారపడే సంగతవుతుంది. కూరగాయల బేరంలో తూకం అయిపోయాక అమ్మే మనిషి చేతికొచ్చినన్ని పైన వేసే కొసరు లాంటిదన్నమాట. నా వాదన ఒక్కటే. ఆ రోజు కొసరు కాదు, తూకంలోదే. పని మీద దూరదేశం వెళ్లిన జట్టుకు చివరి రోజు డ్యూటీ లెక్కలోనే ఖాళీగా దక్కాలి. దగ్గర్లో నేర్చుకోదగిన సముద్రం ఉంటే ఆ రోజును అలల మీద గడపడం, దాన్ని గడపగలిగే దారుల్లోకెల్లా మేలైన దారి.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల ముచ్చట అని రైల్వే కుటుంబాలు పక్కన పెట్టేయనక్కర్లేదు. సముద్రమూ, పరదేశమూ, జట్టు పనీ మన రైల్వే మనుషులకే ఎదురైన చోటు ఒకటుంది. శ్రీలంక దక్షిణ తీరంలో కొలంబో నుంచి మాతర దాకా వెళ్లే లైను చాలా దూరం అలల పక్కనే నడుస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ లైను మీదే, హిక్కడువ దగ్గర పెరలియలో, కిక్కిరిసిన రైలు నీళ్లలో చిక్కి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ప్రపంచ రైల్వే చరిత్రలో అంతటి ప్రాణనష్టం మరో ప్రమాదంలో జరగలేదంటారు. ఆ తర్వాత కలుతర దక్షిణం నుంచి మాతర దాకా పట్టాలను మెరుగుపరిచే పని భారతదేశం ఇచ్చిన రుణంతో, 1976లో మన రైల్వే మంత్రిత్వ శాఖ కింద పుట్టిన ఇర్కాన్ సంస్థ చేతికి వచ్చింది. 2012 నాటికి ఆ పని పూర్తయింది. ఆ దారిలోనే గాలె, మాతరల మధ్య వెలిగమ అనే స్టేషనుంది. సింహళంలో ఆ పేరుకు ఇసుక ఊరు అని అర్థం. ఈ రోజు ప్రపంచం నలుమూలల నుంచి కొత్తవాళ్లు సర్ఫింగ్ నేర్చుకోవడానికి వచ్చే అఖాతం అదే. అడుగున రాళ్లు లేని ఇసుక, నెమ్మదిగా విరిగే అల, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తేటగా ఉండే సముద్రం. స్లీపర్లు, పట్టాలు, కంకర లెక్కలు చూసుకునే ఇంజనీరు తలెత్తితే కనిపించే దృశ్యం అది. ఆ తీరంలో పని ముగించిన జట్టు ఒక రోజు ఆ నీళ్లలో దిగితే, పట్టాలు వేసిన చోటును చేతులతో తాకి చూసినట్టవుతుంది తప్ప పని ఎగ్గొట్టినట్టు కాదు.

విశ్రాంతి అనేది ఏ కాలంలోనూ అడగ్గానే దక్కలేదు. అడిగిన ప్రతిసారీ దాన్ని ముందు సోమరితనం అన్నారు, తర్వాత ‘ఖర్చెవరు భరిస్తారు’ అన్నారు, ఆ తర్వాత చట్టంలో రాశారు. మనకు దక్కే ఆదివారం సెలవే అలా వచ్చింది. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 1890 జూన్‌లో మిల్లు యజమానులు వారానికో సెలవు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీ చట్టంలో అది చేరింది. వారపు విశ్రాంతి మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో ఒడంబడిక చేస్తే భారతదేశం 1923లో దాన్ని ఆమోదించింది. రైల్వేవాళ్ల పని గంటలకు హద్దు పెడుతూ 1930లో చట్టాన్ని సవరించారు. మధ్యలో మన ఊరి కథ కూడా ఉంది. 1927లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా సమ్మె జరిగింది, అదే ఏడాది లాకౌటూ జరిగింది. ఆ కార్మికుల వెంట నిలబడ్డ నాయకుల్లో బరంపురంలో పుట్టిన మన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి ముఖ్యుడు. 42 ఏళ్ల తర్వాత ఆయన దేశానికి రాష్ట్రపతి అయ్యారు. ఇంజను మీద పనిచేసేవాళ్లకు డ్యూటీ పది గంటలు మించదన్న హామీ రావడానికి 1973 దాకా పట్టింది, అదీ ఆందోళన చేస్తేనే. 1974 మే 8న మొదలైన దేశవ్యాప్త రైల్వే సమ్మెలో ఎనిమిది గంటల పని ఒక ప్రధాన కోరిక. ఆ ఇరవై రోజులు క్వార్టర్లలో పొయ్యిలు ఎలా వెలిగాయో, ఎలా వెలగలేదో ఇప్పటికీ చెప్పుకునే కుటుంబాలు రైల్వే ఊళ్లలో ఉన్నాయి. ఇంత చరిత్ర ఉన్న చోట, ‘ట్రిప్పు చివర ఒక రోజు ఖాళీ అంటే మరీ విడ్డూరం కాదా’ అన్న మాట నిలబడదు. విడ్డూరమనిపించుకోకుండా వచ్చిన విశ్రాంతి ఏదీ లేదు.

ఆటను డ్యూటీగా లెక్కించడం కూడా రైల్వేకి కొత్త కాదు. రైల్వే క్రీడా ప్రోత్సాహక బోర్డు 1928 నుంచీ ఉంది. ఆటగాళ్లకు ఉద్యోగమిచ్చి, పోటీలకు వెళ్లినప్పుడు ప్రత్యేక సెలవిచ్చి, జీతం కోయకుండా మైదానానికి పంపే పద్ధతి దేశంలో మిగతా సంస్థల కంటే రైల్వేలోనే బలంగా పాతుకుంది. 2001 నుంచి 2003 దాకా ఖరగ్‌పూర్ స్టేషన్‌లో టికెట్లు తనిఖీ చేసిన ఒక కుర్రాడు ఆ పద్ధతిలోనే ఇక్కడికొచ్చాడు. మహేంద్ర సింగ్ ధోనీ. అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అని పేరున్న వెయ్యి మీటర్లు దాటిన ఆ ప్లాట్‌ఫారం మీద డ్యూటీ, ఆ తర్వాత మైదానం. ఆయన గొప్పవాడయ్యాడు కాబట్టి ఆ పద్ధతి సరైందని నేననను. ఆయన ఆ తర్వాత ఒక్క మ్యాచూ ఆడకపోయినా అది సరైందే. ఎందుకంటే ఆ ఏర్పాటు వెనుక ఒక ఒప్పుకోలు ఉంది. ఒంటిని మరో రకంగా వాడుకున్న మనిషి సంస్థకు నష్టం కాడని రైల్వే తొంభై ఏళ్లకు పైగా రాతపూర్వకంగా ఒప్పుకుంటూ వస్తోంది. ఆ ఒప్పుకోలును పేరున్న ఆటగాడి దగ్గర ఆపేయకుండా మామూలు ఉద్యోగి దాకా, ప్రయాణానికి ఒక్క రోజు దాకా తీసుకురావాలన్నదే ఇక్కడ అడుగుతున్నది.

అయితే చివరి రోజే ఎందుకు? మొదటి రోజు ఇస్తే కాదా? దీనికి మనసు గురించి చేసిన ఒక ప్రసిద్ధ ప్రయోగం పనికొస్తుంది. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, మరి ముగ్గురు కలిసి దాన్ని 1993లో ప్రచురించారు. మనుషుల చేతిని ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్లు పెట్టించి, తీయనివ్వకుండా మరో 30 సెకన్లు ఉంచి, ఆ సమయంలో నీటిని నెమ్మదిగా ఒక్క డిగ్రీ వేడెక్కించారు. మూడోసారి ఏది కావాలో ఎంచుకోమంటే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. అంటే ఎక్కువసేపు బాధ పడ్డదాన్నే! చివర కాస్త ఊరట దొరికింది కాబట్టి మొత్తం అనుభవం తక్కువ బాధగా గుర్తుండిపోయింది. మనవాళ్లు పెళ్లి భోజనంలో చివరికి పెరుగూ తాంబూలమూ ఎందుకు పెట్టారో ఏ ప్రయోగశాలా చెప్పకముందే తెలిసినవాళ్లు. పని ప్రయాణానికీ ఇదే వర్తిస్తుంది. అయిదు రోజుల మాటామాటా, గడువుల ఒత్తిడి, ఒకే గది గాలి. ఆరో రోజు ఎలా గడిచిందన్న దాన్ని బట్టి ఆ మనుషులు మళ్లీ కలిసి పనిచేయడానికి ఇష్టపడతారా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడ ఆగి నా వాదనలోని ప్రమాదాన్నే నేను చెప్పాలి. ఈ ప్రయోగాన్ని చెడ్డ యజమాని చేతికిస్తే ఏం చేస్తాడు? అయిదు రోజులు నిద్ర లేకుండా పిండి, ఆరో రోజు అలలు చూపించి, అందరి చేతా నవ్వుతూ ఫోటో తీయించి, ‘మా దగ్గర పని ఎంత హాయో చూడండి’ అంటాడు. నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కించడం చవకైన పని. కాబట్టే ఆ రోజు బహుమతిగా రాకూడదు. బహుమతి అయితే దానికి బదులుగా ఏదో అడుగుతారు. రన్నింగ్ రూమ్ మంచం ఎవరి బహుమతీ కాదు. ఆలస్యంగా వచ్చిన డ్రైవరుకీ, నిన్న అధికారితో గొడవపడ్డ డ్రైవరుకీ అదే మంచం, అవే గంటలు. ప్రయాణం ఖరారైన నాడే, పని జాబితాలోనే, చివరి రోజు ఖాళీ అని రాసి ఉండాలి. పని బాగా జరిగిందా, లక్ష్యం చేరామా అన్నదానితో దానికి సంబంధం ఉండకూడదు. ఆ ముందు రాత్రి కూడా నిద్రకే వదిలేయాలి. ఇది సౌఖ్యం కోసం చెబుతున్న మాట కాదు, ప్రాణం కోసం. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1990ల చివర జరిగిన పరిశోధనలు తేల్చాయి. అలాంటి మనిషిని ఇంజను ఎక్కించకూడదని రైల్వేకి తెలుసు. సముద్రంలోకి దించకూడదని కంపెనీకీ తెలియాలి.

మరి అలలే ఎందుకు, నగరం చూసి రావచ్చు కదా, మాల్‌కి వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. కానీ విశ్రాంతి గురించి చదివిన మనస్తత్వవేత్తలు దాన్ని ఒట్టి ఖాళీగా ఉండడంగా చూడరు. జబీనే జొన్నెన్‌టాగ్, షార్లొట్ ఫ్రిట్జ్ 2007లో నాలుగు సంగతులు విడదీసి చెప్పారు. పని తలపు పూర్తిగా వదలడం, ఒళ్లు సడలడం, పనికి సంబంధం లేని కొత్త విద్య ఏదైనా పట్టుబడడం, ఆ సమయం తన చేతిలో ఉండడం. మాల్‌లో మొదటిదే కుదరదు. చేతిలో ఫోను ఉంటుంది, ఎస్కలేటర్ మీద కూడా మెయిలు వస్తుంది. నీళ్లలోకి ఫోను రాదు. సర్ఫింగ్ నేర్చుకునే మొదటి గంట ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తే తక్కినవీ అర్థమవుతాయి. ముందు ఇసుక మీదే పడుకోబెడతారు. ఎనిమిది తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు, దాని తోక నుంచి వెనక కాలి చీలమండకు కట్టిన తాడు. బోర్లా పడుకుని, అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపులో లేచి పక్కవాటుగా నిలబడాలి. ఇసుక మీద పది సార్లు లేచినవాడు నీళ్లలో మొదటి అలకే పడతాడు. మీటరు ఎత్తు అల సుమారు మీటరుం పావు లోతు నీటికి చేరగానే విరుగుతుంది కాబట్టి, కొత్తవాడు నిలబడే చోటు నడుముకీ గుండెకీ మధ్య లోతే. నేర్పేవాడు వెనక నుంచి బోర్డును నెడతాడు, నురగ వచ్చి తోకను ఎత్తుతుంది, ఆ రెండు మూడు సెకన్లలో తలలో ఇంకే ఆలోచనకూ చోటుండదు. కిందకు చూసినవాడు కిందే పడతాడు. ఒడ్డు వైపు చూసినవాడు ఇంకో సెకను నిలబడతాడు. ముక్కులోకి ఉప్పునీళ్లు, మోకాలికి ఇసుక గీరుడు, చెవిలో హోరు, మళ్లీ బోర్డు లాక్కుంటూ లోపలికి నడక.

ఆ నడకలోనే జట్టు మారుతుంది. అయిదు రోజులు బల్లకు ఆ చివర కూర్చున్న మేనేజరు ఇక్కడ అందరికంటే ఎక్కువసార్లు పడొచ్చు. మొన్నే చేరిన, మీటింగులో నోరు విప్పని అమ్మాయి మొదటి అలకే నిలబడొచ్చు. అలకు జీతపు శ్రేణి తెలియదు. ఎవరు పడ్డా మిగతావాళ్లు కేకలేస్తారు, ఎవరు లేచినా కేకలేస్తారు. ఒకరి బోర్డు తిరగబడి పక్కవాడి వైపు వస్తుంటే ‘ఆగు ఆగు’ అని అరవడంలో ‘సార్’ జారిపోతుంది. మాటల ఆటలు ఆడించి, రంగు కాగితాలు అంటించి జట్టును దగ్గర చేస్తామనే తరగతులు చాలా ఉన్నాయి. వాటిలో ఎవరేం మాట్లాడాలో ముందే తెలిసిపోతుంది. కలిసి ఓడిపోవడమనేది అక్కడ దొరకదు. ఇక్కడ గంటసేపు అందరూ ఓడిపోతూనే ఉంటారు, ఆ ఓటమికి ఎవరి వార్షిక నివేదికలోనూ చోటు లేదు.

ఈ విద్య విదేశాలదని, మన ఒంటికి పట్టదని అనుకునేవాళ్లు తెలుగు తీరం వైపు ఒకసారి చూడాలి. సర్ఫింగ్ పుట్టిల్లు పసిఫిక్ దీవులే, అందులో సందేహం లేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అది తొలిసారి పోటీ క్రీడ అయింది. కానీ విరిగే అలను చదవడం, అది ఎత్తే క్షణం కోసం కాచుకోవడం, దాని వీపు మీద ఒడ్డుకు జారడం ఉత్తరాంధ్ర జాలరికి వంశపారంపర్యంగా వచ్చిన చదువు. రెండు మూడు దుంగలు కలిపి కట్టిన తెప్ప మీద అలల వరసను దాటి లోపలికి వెళ్లి, చేపతో అదే వరస మీద తిరిగి రావడం ఆ తీరపు రోజువారీ పని. రేవులు లేని కాలంలో ఓడల సరుకును ఒడ్డుకు చేర్చిన మసూలా పడవకు మేకులుండేవి కావు. కొబ్బరి తాడుతో పలకలను కుట్టేవారు, అల కొట్టినప్పుడు పడవ విరగకుండా వంగేది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది పూర్వీకులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి, సముద్రానికి ఒకటి రెండు రోజుల నడక దూరంలోని పల్లెల నుంచి ఇదే రైలు దారి పట్టుకుని వచ్చినవాళ్లు. ఇంకా దగ్గరి సాక్ష్యం పూరీలో ఉంది. అక్కడి పెంటకోటలో ఉండే జాలరులు తెలుగువాళ్లు. కోసుగా ఉన్న టోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో స్నానం చేయించే నూలియాలు వాళ్లే. అల ఇంకా దూరంగా ఉండగానే ‘ఇప్పుడు ఎగురు’, ‘ఇప్పుడు మునుగు’ అని చెప్పే ఆ నూలియా చేతికి, వెలిగమలో బోర్డు నెట్టే కుర్రాడి చేతికి తేడా పెద్దగా లేదు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు. భయపడే మనిషికి అల ఎప్పుడు నమ్మదగ్గదో చెబుతున్నారు.

పూరీ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. 1925లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ సముద్రపు ఒడ్డున ఒక హోటల్ పెట్టింది. బీఎన్నార్ హోటల్ అని ఇప్పటికీ పాతవాళ్లు పిలిచేది దాన్నే. పైవర్గం విడిది కోసం సముద్రపు గాలికి, వెడల్పాటి వరండాలకు డబ్బు పెట్టొచ్చని కంపెనీకి అప్పుడే తెలుసు. రెండేళ్ల తర్వాత అదే కంపెనీ ఖరగ్‌పూర్‌లో ఖర్చు తగ్గించాలంటూ కార్మికుల ఉద్యోగాలు కోసింది. సముద్రం ఖరీదైందేం కాదు, ఎవరికి అన్నదే ప్రశ్న. స్వాతంత్ర్యం వచ్చాక మామూలు ఉద్యోగులకూ హాలిడే హోములు వచ్చాయి. ఆ తేడా ఎవరో దయ తలిస్తే వచ్చింది కాదు. ఈ రోజు పై అధికారులు విదేశీ సమావేశానికి వెళ్తే చివర గోల్ఫూ విందూ కార్యక్రమంలోనే అచ్చు వేస్తారు, దాన్ని ఎవరూ ప్రశ్నించరు. కోడు రాసే పిల్ల, పట్టాలు కొలిచే పిల్లవాడు ఒక పూట బోర్డు అద్దెకు తీసుకుంటే బిల్లు వెనక్కి వస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ప్రాణభయం. దాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో స్నేహితులతో సరదాగా దిగి తిరిగిరాని కుర్రవాళ్ల వార్తలు మన పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చాయో. అలా పోయినవాళ్లలో చాలామందిని ముంచేది పెద్ద అల కాదు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి వెళ్లడానికి ఒక ఇరుకైన పాయ చేసుకుంటుంది. చుట్టూ నురగ ఉన్నా అక్కడ మాత్రం నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, కొత్తవాళ్లు ఆ ప్రశాంతత చూసే అక్కడ దిగుతారు. ఆ పాయ లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదినవాడు అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదినవాడు బయటపడతాడు. ఇంత చిన్న సంగతి తెలియక పోయిన ప్రాణాలవి. దీన్ని బట్టి నేను తీసుకునే నిర్ణయం సముద్రానికి వెళ్లొద్దని కాదు, ఎవరూ వెంట లేకుండా వెళ్లొద్దని. నేర్పేవాడు, కాపలావాడు, జెండా ఉన్న తీరం, ఆ తీరానికి తగిన నెల, ఆ ఉదయం హెచ్చరిక ఉందో లేదో చూసుకోవడం. మన తీరాలకు అలాంటి హెచ్చరికలిచ్చే జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ మన హైదరాబాదులోనే ఉంది, 1999 నుంచీ పనిచేస్తోంది. సంస్థ ఆ రోజును తన లెక్కలో రాసుకుంటేనే ఈ బాధ్యతలన్నీ సంస్థ మీద పడతాయి, బీమా కూడా వర్తించేలా చూసుకోవాల్సి వస్తుంది. ‘మీ ఇష్టం, మీ సొంత సమయం’ అని వదిలేసినప్పుడే కుర్రవాళ్లు రాత్రి పార్టీ ముగించుకుని తెల్లారుజామున కాపలా లేని ఒడ్డున దిగుతారు. ప్రాణభయం నా వాదనకు అడ్డు రాదు. దాన్ని ఇంకా గట్టిగా నిలబెడుతుంది.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అభ్యంతరం వాళ్ల నుంచి వస్తే అది నిజమైన అభ్యంతరం. సహోద్యోగుల మధ్య తడి బట్టలతో నిలబడడం, ఎవరి ఫోనులో ఏ ఫోటో ఉందో తెలియకపోవడం చిన్న విషయాలు కావు. మెడ నుంచి మణికట్టు దాకా, చీలమండ దాకా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు చాలా సర్ఫింగ్ బడుల్లో ఉన్నాయి, ఎండకీ బోర్డు రాపిడికీ మగవాళ్లు కూడా అవే వేసుకుంటారు. ఫోటోలు వద్దంటే వద్దు అన్నది ముందే చెప్పొచ్చు. కానీ ఇంకో సంగతికి అంత తేలిక జవాబు లేదు. పిల్లల్ని అమ్మ దగ్గరో అత్తగారి దగ్గరో వదిలి వచ్చిన తల్లికి ఆ ఆరో రోజు విశ్రాంతి కాదు, ఇంటికి పెరిగే ఇంకో రోజు బాకీ. ఆమెను బలవంతంగా ఒడ్డున కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడం కంటే అన్యాయం లేదు. అందుకే ఆ రోజు జట్టుది అన్నానే గాని సముద్రానిది అనలేదు. కావాల్సినవాళ్లు ఆ ఉదయమే, కంపెనీ ఖర్చు మీదే, ఇంటికి విమానం ఎక్కగలగాలి. గదిలో పడుకునేవాళ్లు పడుకోగలగాలి. ఎవరు రాలేదని ఎవరూ లెక్క రాయకూడదు. రన్నింగ్ రూమ్‌లో ఒకడు నిద్రపోతాడు, ఒకడు పేకాడతాడు, ఒకడు స్టవ్ మీద చేపల పులుసు పెట్టుకుంటాడు. విశ్రాంతి ఎలా తీసుకున్నావని వాళ్లను రైల్వే అడగదు.

ఖర్చు మాట చివరికి వదిలాను, ఎందుకంటే అది అందరూ ముందు చెప్పే మాటే అయినా అన్నిటికంటే బలహీనమైంది. విమానం టికెట్లకీ, వీసాలకీ, హోటల్‌కీ పెట్టిన డబ్బు పక్కన, ఒక రోజు భత్యమూ ఒక పూట బోర్డు అద్దే ఏపాటివి? కాస్త లోతైన ప్రశ్న ఇంకొకటుంది. సెలవుల వల్ల వచ్చే ఉల్లాసం రెండు నుంచి నాలుగు వారాల్లో కరిగిపోతుందని జెస్సికా డె బ్లూమ్ బృందం 2009లో, అప్పటికి వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి చెప్పింది. అంతలోనే ఆవిరయ్యేదానికి ఇంత తాపత్రయమెందుకు అని అడగొచ్చు. ఆ లెక్కన నిద్రా ఒక్క రోజులో ఆవిరవుతుంది, అన్నమూ అంతే. రోజూ కరిగిపోతుంది కాబట్టే రోజూ కావాలి. నాలుగు వారాలకు తరిగిపోయే విశ్రాంతిని ఏడాదికొకసారి ఇచ్చి సరిపెట్టడం తప్పని ఆ పరిశోధన చెబుతోంది, అసలు ఇవ్వొద్దని చెప్పడం లేదు.

ఏడాదికొకసారి విమానం ఎక్కలేని వాళ్ల కోసం సముద్రం ఖరగ్‌పూర్‌కి దగ్గర్లోనే ఉంది. వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా దీఘా. చదునైన, గట్టి ఇసుక ఒడ్డు, కానీ పాత దీఘాలో కోత ఆపడానికి వేసిన బండరాళ్ల గోడ పక్కన అల ప్రమాదకరమైంది, బోర్డుతో అక్కడికి పోకూడదు. దక్షిణంగా బాలాసోర్ దాటి చాందీపూర్‌లో ఆటు వచ్చినప్పుడు సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి వెళ్లిపోతుంది, అక్కడ నడవడమే సుఖం, అలల మాట మరచిపోవాలి. పూరీలో అల ఉంది, నూలియా ఉన్నాడు. దక్షిణానికి పోయే ప్రధాన లైను మీద ఇంకా కిందికి, ఖరగ్‌పూర్ నుంచి సుమారు 765 కిలోమీటర్ల దూరంలో విశాఖ. దాన్ని ఆనుకునే రుషికొండలో బోర్డులు అద్దెకిచ్చి నేర్పేవాళ్లున్నారు. వర్క్‌షాపు నుంచి విశాఖ వైపో, భువనేశ్వర్ వైపో పని మీద వెళ్లే జట్టు ఏదైనా ఈ రోజే మొదలుపెట్టొచ్చు. వెళ్లే ముందు నింపే ప్రయాణ కాగితంలో తేదీల వరస ఉంటుంది, ప్రతి తేదీ ఎదుట చేయాల్సిన పని రాస్తారు. చివరి తేదీ ఎదుట గడిని ఇప్పుడు ఖాళీగా వదిలేస్తున్నారు, లేదా ‘తిరుగు ప్రయాణం’ అని ముగిస్తున్నారు. ఆ గడిలో ‘విశ్రాంతి, అవతలి ఊరు’ అని రాసి, కింద అధికారి సంతకం తీసుకుని, బండెక్కడమే.